ఇంట్లో టర్కీ కోడి వండటం: ఏ పద్ధతిలో ఏ లాభం, ఏ నష్టం?

తొలిముక్క:
అందరికీ నమస్కారం. పోయిన నెలలో మొదటిసారిగా ఒక పూర్తి టర్కీ కోడిని ఇంటి ఓవెన్‌లో కాల్చాను. దాని బరువు 5.4 కిలోలు. కిలోకు అరగంట లెక్కన, 165 డిగ్రీల సెల్సియస్ వేడిలో రెండు గంటల నలభై నిమిషాలు ఉంచాను. ప్రతి ఇరవై నిమిషాలకు ఒకసారి ఓవెన్ తలుపు తెరిచి, పళ్లెంలోకి కారిన కొవ్వును గరిటెతో తీసి పైన పోస్తూ వచ్చాను. బయటికి తీసినప్పుడు చూడముచ్చటగానే ఉంది. తీరా కోశాక చూస్తే ఛాతీ మాంసం పీచులు పీచులుగా విడిపోయి, నమిలేకొద్దీ నోట్లో తడినంతా పీల్చేసింది. అదే కోడి తొడను విప్పి చూస్తే ఎముక పక్కన మాంసం ఇంకా జిగటగా, రబ్బరులా సాగుతూ ఉంది. ఒకే కోడి, ఒకే ఓవెన్, ఒకే సమయం. ఒక చోట ఎండిపోయి ఇంకో చోట పచ్చిగా ఎలా మిగిలిందో నాకు బోధపడలేదు.

ఇంచుమించు అంతే బరువున్న ఇంకో కోడి ఫ్రీజర్‌లో ఉంది. పూర్తిగా కాల్చడం, వెన్నెముక తీసి పరిచి కాల్చడం, నూనెలో వేయించడం, పొగబెట్టడం, ముక్కలుగా కోసి వండటం అంటూ తలా ఒక మాట చెబుతున్నారు. స్వయంగా చేసి చూసినవారు వాటిని పోల్చి చెబితే మేలు చేసినవారవుతారు. నా దగ్గర మామూలు ఓవెన్, ఒక పెద్ద పళ్లెం, గ్యాస్ పొయ్యి ఉన్నాయి. మాంసం వేడి కొలిచే థర్మామీటరు లేదు.

కొలత:
తొలిముక్క గారూ, మీ ప్రశ్నకు జవాబు మీ చివరి వాక్యంలోనే ఉంది. ఏ పద్ధతి ఎంచుకున్నా ముందు థర్మామీటరు కొనండి, తరువాతే మిగతా చర్చ. కిలోకు ఇన్ని నిమిషాలు అనే లెక్క ఉజ్జాయింపు మాత్రమే. కోడి ఎంత చల్లగా లోపలికి వెళ్లింది, లోపల గడ్డకట్టిన భాగం ఏమైనా మిగిలిందా, ఓవెన్ గుండీ మీద రాసి ఉన్న వేడి నిజంగా లోపల ఉందా, ఇవేవీ ఆ లెక్కకు తెలియవు.

ఇక ఒకే కోడి రెండు విధాలుగా ఎందుకు ఉడికిందంటే, అది నిజానికి రెండు రకాల మాంసం కాబట్టి. ఛాతీ కండలో కొవ్వు తక్కువ, కండను పట్టి ఉంచే కొల్లాజెన్ కూడా తక్కువ. అది 65 నుంచి 68 డిగ్రీల మధ్య రసంతో నిండి ఉంటుంది, 72 దాటిన దగ్గర నుంచి గబగబా ఎండిపోతుంది. కాళ్లు, తొడలు రోజంతా బరువు మోసిన కండలు. వాటిలో కొల్లాజెన్ మెండుగా ఉంటుంది, అది కరిగి జిగురుగా మారాలంటే 70 డిగ్రీలు దాటి, ఇంకా కొంతసేపు వేడిలో ఉండాలి. తొడ మాంసం 79, 82 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, 68 దగ్గర తింటే మీరు చెప్పినట్లు సాగుతుంది. అంటే ముందుగా దిగవలసిన భాగానికి తక్కువ వేడి, ఆలస్యంగా దిగవలసిన భాగానికి ఎక్కువ వేడి కావాలి. మనం చేస్తున్నదేమో దానికి తలకిందులు. పళ్లెంలో వెల్లకిలా పెట్టిన కోడికి ఛాతీ గుట్టలా పైకి లేచి వేడికి ఎదురుగా ఉంటుంది, తొడ కీలు కిందికి ఒదిగి ఒంటికి అంటుకుని దాక్కుంటుంది.

కాబట్టి పద్ధతులను పోల్చేటప్పుడు నేను అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ పద్ధతి ఛాతీకి, తొడకు మధ్య ఉన్న ఆ పది పన్నెండు డిగ్రీల తేడాను ఎలా తెస్తుంది? మంట గ్యాసుదా, బొగ్గుదా, నూనెదా అన్నది దాని తరువాతి సంగతి.

ఇంకో మాట. పైన కొవ్వు పోస్తూ ఉండటం వల్ల మాంసం లోపలికి తడి దిగదు. అది తోలు మీద నుంచి జారి పళ్లెంలోకే పోతుంది. తలుపు తెరిచిన ప్రతిసారీ ఓవెన్ చల్లబడుతుంది, తోలు తడిసి కరకరలాడకుండా పోతుంది. మీరు ఎనిమిదిసార్లు తెరిచారంటే ఆ శ్రమంతా కోడికి చేటు చేసిన శ్రమే.

ఉప్పురాయి:
కొలత గారు చెప్పినదానితో నాకు పేచీ లేదు గానీ, వేడి కంటే ముందు ఉప్పు గురించి మాట్లాడుకోవాలి. ఏ పద్ధతిలో వండినా ముందే ఉప్పు పట్టించిన కోడికి, పట్టించని కోడికి ఉన్న తేడా, ఒక పద్ధతికి ఇంకో పద్ధతికి ఉన్న తేడా కంటే ఎక్కువని నా అనుభవం. ఉప్పు కండలోని కొన్ని ప్రోటీన్లను కరిగించి వదులు చేస్తుంది. ఆ వదులైన కండ వేడికి అంతగా బిగుసుకోదు, తన నీటిని బయటికి పిండేయదు. అందుకే ఉప్పు పట్టిన ఛాతీ మాంసం వేడి నాలుగైదు డిగ్రీలు హెచ్చినా ఓర్చుకుంటుంది.

దీనికి రెండు దారులున్నాయి. లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి, కోడి మునిగేలా 12 నుంచి 24 గంటలు చల్లగా ఉంచడం ఒకటి. నేను మూడేళ్లు అలాగే చేశాను. మాంసం తడిగా ఉంటుంది, కానీ ఆ తడిలో కొంత ఊరికే నీళ్ల రుచి. పైగా అంత పెద్ద గిన్నె ఫ్రిజ్‌లో పట్టదు, తోలు నీటిని తాగి ఉబ్బి ఉంటుంది కాబట్టి ఎర్రగా కాలడానికి మొరాయిస్తుంది. రెండోది పొడి ఉప్పు. కిలో బరువుకు 10 గ్రాముల చొప్పున తూచి, తోలు మీదా, వీలైనంత మేర వేళ్లతో తోలును వదులు చేసి దాని కిందా పట్టించి, మూత లేకుండా జాలీ మీద పెట్టి ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులు వదిలేయాలి. మొదట కోడి చెమట పట్టినట్లు తడి బయటికి వస్తుంది. ఆ తడిలో ఉప్పు కరిగి, మర్నాటికి తిరిగి లోపలికి ఇంకిపోతుంది. తోలు ఎండి పలచని కాగితంలా, కొంచెం పారదర్శకంగా అవుతుంది. అలా అయిన తోలే ఓవెన్‌లో చిటపటలాడుతుంది. ఆ ఉప్పులో ఒక చెంచా బేకింగ్ పౌడర్ కలిపితే తోలు క్షార గుణం పెరిగి ఇంకా త్వరగా ఎర్రబడుతుంది, కానీ ఎక్కువైతే చేదు వస్తుంది, జాగ్రత్త.

కొనేటప్పుడు అట్ట మీద ఏం రాసి ఉందో తప్పక చదవండి. కొన్ని కోళ్లకు ఫ్యాక్టరీలోనే ఉప్పునీరు ఎక్కించి అమ్ముతారు. అలాంటిదానికి మళ్లీ ఉప్పు పట్టిస్తే తినలేరు.

సెగపొయ్యి:
పరిచి కాల్చే పద్ధతి గురించి నేను చెబుతాను. దీన్ని స్పాచ్‌కాక్ అంటారు. ఇప్పటికి పది పన్నెండు కోళ్లు ఇలా చేశాను, ఇంక పూర్తి కోడిని అలాగే ఓవెన్‌లో పెట్టే ఉద్దేశం నాకు లేదు.

కోడిని ఛాతీ కిందికి వచ్చేలా బోర్లా పెట్టాలి. తోక దగ్గర మొదలుపెట్టి, వెన్నెముకకు ఒక పక్కగా గట్టి కత్తెరతో మెడ దాకా కత్తిరించుకుంటూ పోవాలి, తరువాత రెండో పక్క. పక్కటెముకలు తేలిగ్గానే తెగుతాయి. తుంటి కీలు దగ్గరకు వచ్చేసరికి కత్తెర ఆగిపోతుంది, అక్కడ బలం పెట్టకండి. కత్తెర మొనను కొద్దిగా వెన్నెముక వైపు జరిపితే ఎముకకు ఎముకకు మధ్య సందు దొరుకుతుంది. టర్కీ ఎముక మామూలు కోడి ఎముకలా ఉండదు, చిన్న కత్తెర అయితే పిడి విరుగుతుంది. నాది విరిగింది కూడా. వెన్నెముక చేతికి వచ్చాక కోడిని వెల్లకిలా తిప్పి, రెండు అరచేతులూ ఛాతీ ఎముక మీద ఆనించి, ఒంటి బరువంతా వేసి నొక్కాలి. టక్కుమని ఒక చప్పుడు వస్తుంది, కోడి పుస్తకం తెరిచినట్లు పరుచుకుంటుంది.

దీనివల్ల ఏమవుతుందో చూడండి. ఇంతకు ముందు కింద దాక్కున్న తొడలు ఇప్పుడు పళ్లెం అంచుల వైపు బయటికి వస్తాయి. ఛాతీ మధ్యలో ఉంటుంది, అది కోడిలో అన్నింటికంటే మందమైన భాగం కనుక నిదానంగా వేడెక్కుతుంది. తొడలు పలచన, పైగా అంచున ఉన్నాయి కనుక ముందుగా వేడెక్కుతాయి. కొలత గారు అడిగిన ఆ పది డిగ్రీల తేడా ఆకారం వల్లే దానంతట అదే వస్తుంది. తోలు మొత్తం పై వైపే ఉంటుంది కాబట్టి ఒక్క అంగుళం కూడా తెల్లగా మిగలదు. మందం తగ్గినందువల్ల ఓవెన్‌ను 230 డిగ్రీల దాకా పెంచవచ్చు. 5.4 కిలోల కోడి ఎనభై నుంచి తొంభై నిమిషాల్లో దిగిపోతుంది.

ఒక చిక్కు ఉంది. ఆ వేడికి కారిన కొవ్వు ఉత్త పళ్లెం మీద పడితే మాడి ఇల్లంతా పొగ చిమ్ముతుంది. కింద ఉల్లిపాయ, క్యారెట్, సెలెరీ ముక్కలు పరిచి, రెండు గ్లాసుల నీళ్లు పోసి, వాటి పైన జాలీ పెట్టి కోడిని ఉంచండి. ఆ ముక్కలు రసాన్ని పట్టుకుంటాయి, తరువాత గ్రేవీకి పనికొస్తాయి.

నలభీముడు:
పరిచిన కోడి రుచిగా ఉండవచ్చు, కాదనను. కానీ పదిమంది ఎదుట పళ్లెంలో పెడితే లారీ కింద పడినట్లు ఉంటుంది. పూర్తి కోడిని వండే పద్ధతిని ఇంత తేలిగ్గా కొట్టిపారేయవద్దని నా మనవి. మా ఇంట్లో ముప్ఫై ఏళ్లుగా పూర్తి కోడినే కాలుస్తున్నాము, ఛాతీ ఎండిపోయిన సందర్భాలు ఒకటో రెండో. నేను చేసే పనులు చెబుతాను.

ఓవెన్‌లో పెట్టడానికి ముప్పావు గంట ముందు, ఒక సంచిలో మంచు ముక్కలు నింపి ఛాతీ మీద మాత్రమే పెడతాను. కాళ్ల వైపు కోడి కాస్త చల్లదనం విడుస్తుంది, ఛాతీ చల్లగానే ఉంటుంది. అంటే పరుగు పందెంలో తొడకు కొంత ముందు నిలబడే అవకాశం ఇస్తున్నామన్నమాట. కాళ్లను దారంతో బిగించి కట్టను. కడితే అందంగానే ఉంటుంది, కానీ తొడ కీలుకు గాలి ఆడదు. పొట్టలో ఏ కూరుడూ నింపను. నింపితే అది కూడా 74 డిగ్రీలకు చేరేదాకా కోడిని లోపల ఉంచాలి, అంతసేపటికి ఛాతీ పని అయిపోతుంది. కూరుడును విడిగా గిన్నెలో కాల్చుకుంటే సరిపోతుంది. మొదటి గంట కోడిని బోర్లా పెట్టి, తరువాత తిప్పుతాను. వేడి కోడిని తిప్పడానికి మందమైన గుడ్డలు, ఇంకో మనిషి సాయం కావాలి. ఛాతీ బాగా ఎర్రబడ్డాక దాని మీద మాత్రం రేకు కప్పుతాను.

సెగపొయ్యి:
నలభీముడు గారూ, మంచు సంచి, బోర్లా పెట్టడం, తిప్పడం, రేకు కప్పడం: మీ ముప్ఫై ఏళ్ల విద్య అంతా ఆ ఆకారం పెట్టే ఇబ్బందిని సర్దడానికే ఖర్చయిందని నాకనిపిస్తోంది. కత్తెర పట్టిన పది నిమిషాలకు అదంతా తప్పుతుంది. అయినా కోడిని పూర్తిగా చూపించి, తిరిగి వంటగదిలోకి తెచ్చి కోసేదే కదా.

నలభీముడు:
చూపించే ఆ రెండు నిమిషాల కోసమే కొందరం వండుతాము, సెగపొయ్యి గారూ. దాన్ని లెక్కలోంచి తీసేయమంటే ఎలా?

మూకుడు:
నూనెలో వేయించిన టర్కీ గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతున్నాను. రుచిలో, తోలు కరకరలో దానికి సాటి లేదు. నూనెను 175 డిగ్రీలకు వేడి చేస్తే, కిలోకు ఏడెనిమిది నిమిషాల్లో కోడి దిగుతుంది. నూనె నాలుగు వైపుల నుంచీ, పొట్ట లోపలి నుంచి కూడా ఒకేసారి తాకుతుంది కనుక తొడ వెనకబడదు. అయినా ఇంట్లో చేయమని నేను ఎవరికీ సలహా ఇవ్వను. ఎందుకో వినండి.

మొదటిసారి చేసినప్పుడు కోడి పొట్ట లోపల చిన్న మంచుగడ్డ మిగిలిందని మేము గమనించలేదు. నీరు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది. కోడిని కొక్కేనికి తగిలించి మా అన్నయ్య సగం దింపాడో లేదో, నూనె పాలు పొంగినట్లు పొంగి అంచు దాటి కింది మంట మీద పడింది. ఆరుబయట, కటిక నేల మీద పెట్టాము కనుక మనుషులకు ఏమీ కాలేదు. అన్నయ్య చేతి తొడుగు మాత్రం కాలిపోయింది. ఇంటి గోడకు ఆనించో, చెక్క వరండా మీదో పెట్టి ఉంటే సంగతి వేరేగా ఉండేది.

అప్పటి నుంచి పాటిస్తున్నవి ఇవి. ముందుగా ఖాళీ పాత్రలో కోడిని పెట్టి, అది రెండు మూడు సెంటీమీటర్లు మునిగేదాకా నీళ్లు పోసి, కోడిని తీసేశాక నీళ్లు ఎక్కడ నిలిచాయో గీత పెట్టుకుంటాము, నూనె ఆ గీత దాటకూడదు. పాత్రనూ, కోడినీ లోపలా బయటా పొడిగా తుడుస్తాము. కోడిని దించేటప్పుడు మంట పూర్తిగా ఆర్పి, దింపాక మళ్లీ వెలిగిస్తాము. ఆరు కిలోలు దాటిన కోడిని వేయించము. మంటలు లేస్తే నీళ్లు చల్లకూడదు. మూత, మంట ఆర్పే సిలిండరు పక్కనే ఉండాలి. నూనె అంటే పది పన్నెండు లీటర్లు పడుతుంది, దాన్ని చల్లార్చి, వడగట్టి, దాచడం మరో రోజు పని. గ్రేవీకి కారిన రసం ఒక్క చుక్క కూడా మిగలదు.

నిదానం:
పొగబెట్టడం నాకు ఇష్టమైన పద్ధతి. 110 నుంచి 120 డిగ్రీల మధ్య పొగలో ఉంచితే ఈ పరిమాణం కోడికి ఆరు గంటలు అటూ ఇటూ పడుతుంది. ఆపిల్, చెర్రీ వంటి పండ్ల చెట్ల కట్టెలు సరిపోతాయి. ఘాటైన కట్టె వాడితే కోడి మాంసానికి చేదు పట్టేస్తుంది. పెద్ద కోడిని ఇలా చేయకండి, చల్లగా ఉన్న మాంసం 4 డిగ్రీల నుంచి 60 డిగ్రీల దాకా ఎక్కడానికి గంటల తరబడి పడితే ఆ మధ్యలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. దీని లోపం తోలు. అంత తక్కువ వేడిలో తోలులోని కొవ్వు కరగదు, బూటు తోలులా మిగులుతుంది. చివర్లో 200 డిగ్రీల ఓవెన్‌లోకి మార్చి పావుగంట ఉంచితే కొంత మెరుగవుతుంది.

పొగబెట్టిన మాంసం అంచున గులాబి రంగు వలయం వస్తుంది. చూసినవారు పచ్చిగా ఉందని కంగారు పడతారు. పొగలోని నైట్రిక్ ఆక్సైడ్ వాయువు, కండకు ఎరుపునిచ్చే మయోగ్లోబిన్ అనే ప్రోటీన్‌తో కలవడం వల్ల వచ్చే రంగు అది. ఓవెన్‌లో కాల్చినా ఒక్కోసారి ఎముక దగ్గర ఎర్రగా ఉంటుంది. రంగును బట్టి గానీ, పొడిస్తే కారే రసం తేటగా ఉందా అన్నదాన్ని బట్టి గానీ ఉడికిందో లేదో చెప్పలేము.

పొదుపు:
ఇక్కడ అందరూ కోడిని ఒక్క ముక్కగా ఉంచే ప్రయత్నమే చేస్తున్నారు. రెండు రకాల మాంసానికి రెండు రకాల వేడి కావాలని మొదట్లోనే తేలినప్పుడు, రెంటినీ విడదీసి వండితే పోలా? కాళ్లు, తొడలు వేరు చేసి, మూకుడులో తోలు వైపు ఎర్రగా వేయించి, ఉల్లిపాయ, మిరియాలు వేసి, ఎముకలు మరిగించి తీసిన రసం రెండు గ్లాసులు పోసి, మూత పెట్టి 150 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటల నుంచి రెండున్నర గంటలు ఉంచుతాను. మాంసం ఎముక మీద నుంచి జారిపోతుంది. పైగా టర్కీ కాలి కింది భాగంలో ఎముకలా గట్టిపడిన నరాలు ఉంటాయి, నిదానంగా ఉడికిన కాలి నుంచి అవి పుల్లల్లా చేత్తో లాగితే వచ్చేస్తాయి. ఇది ముందురోజే చేసి ఉంచుకోవచ్చు. మర్నాడు ఎముకతో ఉన్న ఛాతీ ఒక్కటే ఓవెన్‌లో పెడితే చాలు.

ఓవెన్ సంచిలో కట్టి వండే పద్ధతి కూడా ప్రయత్నించాను. సంచిలో ఒక చెంచా పిండి వేసి ఆడించాలి, లేకపోతే సంచి పగిలే అవకాశం ఉంది. త్వరగా అవుతుంది, పళ్లెం తోమే పని ఉండదు. కానీ అది కాల్చడం కాదు, ఆవిరి మీద ఉడికించడం. రుచీ అలాగే ఉంటుంది. ప్రెషర్ కుక్కర్‌లో ఛాతీ వండిన రోజు గురించి రాయకపోవడమే మంచిది.

కొలత:
పొదుపు గారి మాటకు నా ఓటు. నేను ఇంకో అడుగు ముందుకు వేసి, ఛాతీని ఎముక నుంచి విడదీసి, గాలి లేకుండా సంచిలో మూసి, 63 డిగ్రీల నీటిలో మూడు గంటలు ఉంచుతాను. సూ వీడ్ అనే ఈ పద్ధతిలో ఎండిపోవడం అనే మాటే ఉండదు, కత్తి దింపితే ముక్క మీద రసం నిలుస్తుంది. తోలును విడిగా ఒలిచి, రెండు పళ్లేల మధ్య అదిమి ఓవెన్‌లో కాలిస్తే అప్పడంలా విరుగుతుంది.

పొదుపు:
63 డిగ్రీలా? అమెరికా వ్యవసాయ శాఖ కోడి మాంసమంతటికీ 74 డిగ్రీలు చెబుతోంది. పిల్లలున్న ఇంట్లో ఈ సాహసం ఎందుకు, కొలత గారూ?

కొలత:
మంచి ప్రశ్న. 74 డిగ్రీల వద్ద సాల్మొనెల్లా అనే, జబ్బు చేసే సూక్ష్మజీవి క్షణాల్లో చస్తుంది, అందుకే అందరికీ గుర్తుండేలా ఆ ఒక్క అంకె చెబుతారు. నిజానికి చంపేది వేడి ఒక్కటే కాదు, ఆ వేడిలో ఉంచిన సమయం కూడా. 66 డిగ్రీల వద్ద అదే పని సుమారు ఐదు నిమిషాల్లో జరుగుతుంది, 63 వద్ద పావుగంట లోపు జరుగుతుంది. ఆ సమయాన్ని మాంసం నడిమధ్యన ఆ వేడి చేరిన తరువాత నుంచి లెక్కపెట్టాలి, సంచి నీటిలో వేసినప్పటి నుంచి కాదు. నేను మూడు గంటలు ఉంచేది అందుకే. నమ్మదగిన పరికరం లేనివారు, గర్భిణులకో వృద్ధులకో చిన్నపిల్లలకో పెట్టేవారు 74 దగ్గరే ఉండండి. ఉప్పు పట్టించిన ఛాతీ 74 దగ్గర కూడా తినేలాగే ఉంటుంది.

అన్నట్లు, కొన్ని కోళ్ల ఛాతీలో గుచ్చి వచ్చే చిన్న ప్లాస్టిక్ పుల్ల 82 డిగ్రీల దగ్గర గానీ పైకి లేవదు. దాన్ని నమ్ముకుంటే ఛాతీని మరిచిపోవలసిందే.

తొలిముక్క:
ఇంత వివరంగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. థర్మామీటరు కొన్నాను. నూనె జోలికి వెళ్లను. నలభీముడు గారి మాట మీద గౌరవం ఉన్నా, ఈసారి పరిచి కాల్చాలని నిశ్చయించుకున్నాను. రెండు సందేహాలు మిగిలాయి: గడ్డకట్టిన కోడిని ఎన్ని రోజుల ముందు తీయాలి? థర్మామీటరు ఎక్కడ గుచ్చాలి?

ఉప్పురాయి:
ఫ్రిజ్‌లో కరగడానికి సుమారు రెండు కిలోలకు ఒక రోజు లెక్క వేసుకోండి. మీ కోడికి మూడు రోజులు. తరువాత ఉప్పు పట్టించి ఒకటి, రెండు రోజులు. అంటే ఐదు రోజుల ముందు తీయండి. కింద అంచున్న పళ్లెం పెట్టడం మరవకండి, కారే నీరు కూరగాయల మీద పడకూడదు. తొందరైతే సంచితోనే చన్నీళ్లలో ముంచి, అరగంటకోసారి నీళ్లు మార్చండి. అలా చేస్తే కిలోకు గంటకు పైగా పడుతుంది, కరిగిన వెంటనే వండేయాలి. పొట్టలోనో మెడ సందులోనో మెడ, కార్జం వంటివి ఉన్న కాగితపు సంచి ఒకటి దాగి ఉంటుంది, తీసేయండి. కోడిని కుళాయి కింద కడగకండి. కడిగితే సూక్ష్మజీవులు పోవు, నీటి తుంపరలతో గట్టు మీదికి, గిన్నెల మీదికి చేరతాయి.

కొలత:
ఛాతీకి అయితే మెడ వైపు నుంచి, పొడవుగా, అత్యంత మందమైన చోట మధ్య దాకా గుచ్చండి. అంకె పడిపోతూ ఉంటే మొన ఇంకా లోపలికి, చల్లని చోటికి వెళుతోందని అర్థం. అన్నింటికంటే తక్కువ చూపించిన అంకెనే లెక్కలోకి తీసుకోవాలి. తొడకు అయితే కీలుకు దగ్గరగా, కానీ ఎముకకు తగలకుండా. రెండు వైపులా చూడండి. 230 డిగ్రీల ఓవెన్ నుంచి తీశాక కూడా లోపలి వేడి నాలుగైదు డిగ్రీలు పెరుగుతుంది. అందుకని ఛాతీ 68, 69 దగ్గర ఉండగానే బయటికి తీసి, ఇరవై నిమిషాలు ఆగి, మళ్లీ గుచ్చి చూసుకుని అప్పుడు కోయండి. ఆగేటప్పుడు రేకు బిగించి కప్పితే ఆవిరికి తోలు మెత్తబడుతుంది, కప్పకుండా వదిలేయండి.

తొలిముక్క:
చేశాను. ఉన్నది ఉన్నట్లు రాస్తున్నాను.

వెన్నెముక కత్తిరించడానికి పది నిమిషాలు అనుకున్నాను, ఇరవై ఐదు పట్టింది. తుంటి కీలు దగ్గర సెగపొయ్యి గారు చెప్పిన సందు మొదటి పక్క దొరకలేదు, కత్తితో పొడిచి దారి చేసుకున్నాను. రెండో పక్క దొరికింది. ఛాతీ ఎముక మూడోసారి నొక్కినప్పుడు గానీ టక్కుమనలేదు. 54 గ్రాముల ఉప్పు తూచి పట్టించి, రెండు రాత్రులు ఫ్రిజ్‌లో ఉంచాను. రెండో రోజు ఉదయం తోలు ముట్టుకుంటే వేలికి తడి అంటలేదు.

230 డిగ్రీలలో పెట్టాను. యాభై నిమిషాలకు ఛాతీ 47, తొడ 58 చూపించింది. మొదటిసారి వండినప్పుడు ఈ అంకెలు తెలిసి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. గంటకు చూస్తే కుడి వైపు తొడ ఎడమదాని కంటే తొమ్మిది డిగ్రీలు ముందుంది. నా ఓవెన్ వెనుక కుడి మూల ఎక్కువ కాలుతుందని అప్పుడు తెలిసింది, పళ్లేన్ని తిప్పి పెట్టాను. ఎనభై ఆరో నిమిషానికి ఛాతీ 69, తొడలు 79, 83. బయటికి తీసి ఇరవై నిమిషాలు ఆగాక ఛాతీ 74కి చేరింది. ముందు రెండు ఛాతీలనూ ఎముక నుంచి పూర్తిగా విడదీసి, తరువాత పీచుకు అడ్డంగా కోశాను. పలక మీద రసం నిలిచింది గానీ మడుగు కట్టలేదు. తొడ మాంసం ఎముకను చక్కగా వదిలింది. తోలు కోసం ఇంట్లో చిన్న తగాదా కూడా జరిగింది.

తప్పు ఒకటి జరిగింది. కింద కూరగాయల మీద కారిన రసం మొత్తం గ్రేవీలో పోసి, అలవాటు కొద్దీ ఉప్పు కూడా వేశాను. గ్రేవీ నోట పెట్టలేకపోయాము. నీళ్లు పోసి మరిగించినా లాభం లేకపోయింది.

ఉప్పురాయి:
అది నేను ముందే చెప్పవలసింది, పొరపాటు నాదే. ఉప్పు పట్టించిన కోడి నుంచి కారే రసం ఉప్పగానే ఉంటుంది. గ్రేవీకి అసలు ఆధారం వెన్నెముక, మెడ. వాటిని ముందురోజే ఎర్రగా కాల్చి, ఉప్పు లేకుండా మూడు గంటలు మరిగించి రసం తీసుకోవాలి. కొవ్వులో పిండి వేయించి, ఆ రసం పోసి చిక్కబరిచాక, పళ్లెంలోని రసాన్ని చెంచా చెంచాగా కలుపుతూ రుచి చూసుకుంటూ ఆపేయాలి. కార్జం కలిపితే చేదు వస్తుంది, దాన్ని విడిగా వండుకోండి.

నలభీముడు:
అంకెలు బాగున్నాయి, ఒప్పుకుంటున్నాను. కోడిని పళ్లెంలో పెట్టినప్పుడు ఇంట్లోవాళ్లు ఏమన్నారో మాత్రం రాయలేదు.

తొలిముక్క:
కప్పలా ఉందన్నారు, నలభీముడు గారూ.

ఉప్పురాయి గారూ, వెన్నెముక, మెడ పారేయలేదు. మిగిలిన మాంసాన్ని రెండు గంటల లోపే డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టాను, నాలుగు రోజుల్లో తినేస్తాము. ఒలిచిన ఎముకలన్నీ వెన్నెముకతో కలిపి ఇప్పుడే పొయ్యి మీద పెట్టాను. ఇందులో ఉప్పు వేయలేదు.